ఊరి పర్యావరణ లక్ష్యాలు వార్డు జనంతో కూర్చుని రాయాలంటే ఎలా? (డెల్టా మున్సిపాలిటీ)

గట్టుకాలనీ (ప్రశ్న):

గోదావరి పశ్చిమ డెల్టాలో సుమారు 60 వేల జనాభా ఉన్న మున్సిపాలిటీ అండి. 30 వార్డులు, 15 వార్డు సచివాలయాలు. వచ్చే ఐదేళ్లలో మంచినీళ్లు, మురుగు, చెత్త, పచ్చదనం విషయంలో ఊరు ఎక్కడికి చేరాలో లక్ష్యాలు రాసుకోవాలని అనుకుంటున్నారు. కాలనీ సంఘాలు, పొదుపు సంఘాలు కలిసి ముసాయిదా ఇమ్మన్నారు. చూసి రాయడానికని ఒక నమూనా కాగితం కూడా చేతికిచ్చారు. ఇంటింటికీ ఇంకుడు గుంత, లక్ష మొక్కలు, చెత్త లేని పట్టణం, సైకిల్ ట్రాక్, కాలువ గట్టు సుందరీకరణ. ఏ మెట్ట నగరానికో రాసిన కాగితమని చూడగానే తెలుస్తోంది.

విషయం తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పాలి. మీటింగులు ఎలా పెడితే మాట్లాడే నలుగురే కాకుండా మిగతావాళ్ల మాట కూడా కాగితం మీదికి వస్తుంది? డెల్టా ఊరికి ఎలాంటి లక్ష్యాలు నిలబడతాయి? రాసింది బడ్జెట్‌లోకి ఎక్కాలంటే దారి ఏది? ఇంకోటి, కాలువ గట్టు మీద ఇళ్లున్నవాళ్లు ఏ మీటింగుకీ రావడం లేదు. పిలిస్తే తలుపు వేసుకుంటున్నారు. వాళ్లను ఎలా కలుపుకోవాలి?

—

లెవెల్‌ట్యూబ్:

ముందు ఆ నమూనాలో ఇంకుడు గుంత కొట్టేయండి. డెల్టాలో చాలాచోట్ల మీటరు, రెండు మీటర్లు తవ్వితే నీళ్లే. పైన నల్లరేగడి బంకమట్టి. వానాకాలంలో గుంత అడుగు నుంచే నీరు ఊరుతుంటే పై నీరు ఇంకేదెక్కడ? నెల తిరిగేసరికి అది దోమల గుంత. సముద్రం వైపు ఊళ్లలో, చుట్టూ రొయ్యల చెరువులున్న చోట కింది నీరు ఎలాగూ ఉప్పే. ఇక్కడ పనికొచ్చేది డాబా నీటిని తొట్టెలో పట్టుకోవడం. 100 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 1,100 మి.మీ. వాన పడితే, ఐదో వంతు పోయినా 88 వేల లీటర్లు. అంతా నిల్వ చెయ్యలేం, నిజమే. 5 వేల లీటర్ల తొట్టె కట్టుకున్న ఇంటికి వంటకీ తాగడానికీ రోజుకు 40 లీటర్ల చొప్పున 125 రోజులు వస్తుంది. మొదటి వాన నీటిని బయటకి వదిలే గొట్టం, తొట్టెకు గట్టి మూత, ఈ రెండూ లేకపోతే మాత్రం కట్టడం దండగ.

ఇప్పుడు అసలు సంగతి. జనం దగ్గరికి వెళ్లి "మీకేం కావాలి?" అని అడిగి వచ్చిందల్లా రాసుకుంటే లక్ష్యం కాదు, కోరికల చిట్టా అవుతుంది. ప్రతి కోరిక పక్కనా దాని ఖరీదు, దాని హద్దు పెట్టి అప్పుడు అడగాలి. మంచినీళ్లే తీసుకోండి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు ఎండాకాలం మరమ్మతులకు కట్టేస్తారు కదా. ఆ రోజుల్లో ఊరు బతికేది మంచినీటి చెరువు మీదే. మనిషికి రోజుకు 100 లీటర్లు అని రాశారనుకోండి. 60 వేల మందికి రోజుకు 60 లక్షల లీటర్లు, 60 రోజులకు 36 కోట్లు. 30 ఎకరాల చెరువు 3 మీటర్ల లోతు నిండితే 36.4 కోట్ల లీటర్లు. సరిగ్గా సరిపోయింది అనిపిస్తుంది. ఎండకు రోజుకు 6 మి.మీ. ఆవిరైతే 60 రోజుల్లో 36 సెం.మీ., అంటే దాదాపు 4.4 కోట్ల లీటర్లు పోయాయి. అడుగున అర మీటరు బురద నీరు పంపుకు అందదు, అది ఇంకో 6 కోట్లు. మిగిలింది 26 కోట్లు. 43 రోజులకు చెరువు ఖాళీ.

అదే 70 లీటర్లు అంటే ఆ 26 కోట్లు 62 రోజులు వస్తాయి. భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్లకు కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ ప్రమాణం కూడా 70 లీటర్లే. పైపుల్లో కారిపోయేది ఇందులోంచే తీసెయ్యాలన్నది మర్చిపోవద్దు. ఐదో వంతు కారితే ఇంటికి చేరేది మనిషికి 56 లీటర్లే.

మీ చెరువు విస్తీర్ణం, నిండు లోతు, రోజూ పంపు చేసే నీరు, ఈ మూడు అంకెలు మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారి దగ్గర తీసుకుని ఈ లెక్కనే చార్టు మీద వేసి మీటింగులో పెట్టండి. పూడిక తీయించి అర మీటరు లోతు పెంచుకోవడమా, మే నెలలో రోజు విడిచి రోజు ఇవ్వడమా, లీకులు కట్టడమా అన్నది అప్పుడు జనమే తేలుస్తారు. లెక్క చూపించాక గొడవ పడేవాళ్లు తక్కువ.

వాన నీరు కూడా ఇంతే. "మా వీధిలో నీళ్లు నిలవకూడదు" అంటారు. ఎంత వానకు, ఎన్ని గంటల్లో దిగాలి? వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. చేరితే భారీ వర్షం. 20 హెక్టార్ల లోతట్టు ప్రాంతం మీద 65 మి.మీ. పడి, అందులో 70 శాతం పారితే 9,100 ఘనపు మీటర్లు. మురుగు కోడులో, అంటే ఊరి నీరంతా చేరే పెద్ద డ్రైనులో, నీటిమట్టం వీధి కాలువ అడుగు కంటే ఎత్తున ఉన్న రోజు అది దానంతటది పోదు, తోడి పోయాల్సిందే. 12 గంటల్లో దించాలంటే సెకనుకు 210 లీటర్లు. 4 మీటర్ల ఎత్తుకు 20 హెచ్‌పీ పంపు చాలు. 4 గంటల్లో అంటే సెకనుకు 630 లీటర్లు, 55 హెచ్‌పీ. తుపాను వేళ కరెంటు ఉండదు కాబట్టి దేనికైనా జనరేటరు తప్పదు. 12 గంటలా, 4 గంటలా అన్నది ఖరీదు తెలిసిన జనం చెప్పాల్సిన మాట. ఇంజినీరు ఒక్కడూ గదిలో కూర్చుని తేల్చేది కాదు.

—

ఆర్‌పీ_అక్క:

మీటింగుల సంగతి నేను చెప్తానండి.

30 వార్డులకు 30 మీటింగులు పెట్టకండి, సగంలోనే ఓపిక అయిపోతుంది. సచివాలయానికి ఒకటి చొప్పున 15 చాలు. ఒక్కోదానికీ 40 నుంచి 60 మంది. అంతకు మించితే మైకు పట్టుకున్నవాళ్లదే మీటింగు. పదేసి మందిని గుంపులుగా కూర్చోబెట్టి, ఒక్కో గుంపుకీ రాసేవాళ్లను ఒకరిని పెట్టాలి. పొదుపు సంఘాల పుస్తకాలు రాసే అమ్మాయిలు ఈ పని చక్కగా చేస్తారు.

వేళ చూసుకోవాలి. ఆదివారం ఉదయం 10 గంటలకు అంటే పెన్షనర్లు తప్ప ఎవరూ రారు. ఇంట్లో ఉండే ఆడవాళ్లకు మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర. చేపల మార్కెట్ వాళ్లకు బేరం ముగిశాక, మార్కెట్ దగ్గరే. పారిశుద్ధ్య కార్మికులు పొద్దున్నే డ్యూటీ ఎక్కుతారు కాబట్టి డ్యూటీ దిగాక, వాళ్లను విడిగా కూర్చోబెట్టండి. మేస్త్రీ, శానిటరీ ఇన్‌స్పెక్టరు పక్కన ఉంటే వాళ్లు నోరు విప్పరు. ఊళ్లో చెత్త ఎక్కడ కలిసిపోతోందో, ఏ కల్యాణ మండపం కాలువలో పారబోస్తోందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అద్దె ఇళ్లవాళ్లను మర్చిపోతారు అందరూ. సంఘం జాబితాల్లో ఇంటి యజమానుల పేర్లే ఉంటాయి. కుళాయి కష్టం మాత్రం అద్దెకున్నవాళ్లది. సచివాలయం పరిధిలో ప్రతి పదో ఇంటికి వెళ్లి ఎవరుంటే వాళ్లనే పిలవండి. మొదటి ఇల్లు ఏదో 1 నుంచి 10 లోపు చీటీ తీసి తేల్చండి, లేకపోతే తెలిసిన ఇళ్లకే వెళ్తారు.

మొదటి మీటింగులో కాగితాలు పంచొద్దు. బడి ఆవరణలో ముగ్గుపిండితో వార్డు పటం నేల మీద వేయించండి. రోడ్లు, బోదెలు, గుడి, ట్యాంకు, ట్రాన్స్‌ఫార్మరు వేస్తే చాలు, మిగతాది వాళ్లే గీస్తారు. కుళాయి సరిగా రాని ఇంటి దగ్గర చింతపిక్క, వాన నీరు నిలిచే చోట గులకరాయి, చెత్త పోసే చోట ఎండుటాకు. ముందు ఎవరో ఒకాయన "మా వీధిలో అంతా బాగానే ఉంది" అంటారు. వెనక నుంచి ఒకామె వచ్చి ఆ వీధి చివర నాలుగు గులకరాళ్లు పెట్టి వెళ్తుంది. నోటితో ఎదురు చెప్పని మనిషి రాయి పెట్టగలదు. తుడిచేసే ముందు డాబా మీద నుంచి ఫొటో తీసి, అదే రోజు కాగితం మీదికి ఎక్కించాలి.

మూడు వారాల తర్వాత రెండో మీటింగు. ఈలోపు లెవెల్‌ట్యూబ్ గారు చెప్పినట్టు ఏఈ గారితో లెక్కలు వేయించి ఉంచండి. మనిషికి ఐదు గింజలు ఇచ్చి, ముఖ్యమనుకున్న సమస్యల మీద ఓట్లలా పెట్టమనండి. ఒక్క సమస్య మీద రెండుకు మించి పెట్టకూడదు. ఆడవాళ్లకు చింతపిక్కలు, మగవాళ్లకు బఠాణీలు ఇస్తే ఎవరి మొగ్గు ఎటో విడిగా తెలుస్తుంది. మగవాళ్లు రోడ్డు మీద, ఆడవాళ్లు నీళ్ల మీద, మరుగుదొడ్డి మీద ఎక్కువ పెడతారు. కలిపి లెక్కేస్తే ఆ తేడా కాగితంలో కనిపించకుండా పోతుంది.

గట్టు మీద ఇళ్లవాళ్లు ఎందుకు రారంటారా? "సుందరీకరణ" అన్నది వాళ్లకు ఇల్లు పీకేస్తారన్న కబురులాగే వినిపిస్తుంది. ఆ కాగితం పట్టుకుని వెళ్తే ఎవరైనా తలుపేసుకుంటారు. సచివాలయానికి పిలవకండి, గట్టు మీదే వాళ్ల అరుగుల మీద కూర్చోండి. ముసాయిదా మొదటి పేజీలోనే ఒక వాక్యం రాయించి చదివి వినిపించండి: "ఈ లక్ష్యాల్లో ఏదీ ప్రత్యామ్నాయ ఇల్లు చూపకుండా ఎవరి ఇల్లూ తీయడానికి ఆధారం కాదు." గట్టు జలవనరుల శాఖది, మున్సిపాలిటీది కాదు. కాబట్టి ఆ శాఖ తరఫున మీరు మాట ఇవ్వలేరు, అది కూడా దాచకుండా చెప్పండి. అప్పుడు వాళ్ల అవసరం బయటికొస్తుంది. మరుగుదొడ్డి గొట్టం కాలువలోకే ఉందని, ట్యాంకు కట్టుకోవడానికి చోటు లేదని వాళ్లే చెప్తారు. పది ఇళ్లకు కలిపి ఒక ట్యాంకు పెట్టేందుకు చోటు చూపించడం లక్ష్యంగా రాయొచ్చు. దిగువ ఊళ్లు తాగేది ఆ కాలువ నీళ్లే కదా.

మినిట్స్ అక్కడే చదివి సంతకాలు తీసుకోవాలి. రేపు టైపు చేసి పంపిస్తాం అంటే అవి వేరే మినిట్స్ అవుతాయి.

—

గట్టుకాలనీ:

ఇద్దరికీ ధన్యవాదాలండి. నమూనాలోంచి గుంతలు, సుందరీకరణ తీసేస్తున్నాం. ఇంకో రెండు సందేహాలు. ఎక్కడ అడిగినా "సీసీ రోడ్డు, సైడు డ్రైను" అనే అంటారు. దాన్ని పర్యావరణ లక్ష్యంగా ఎలా మలచాలి? లక్ష్యం నెరవేరుతోందో లేదో సామాన్య జనం ఖర్చు లేకుండా ఎలా కొలవాలి?

—

శివారుకుళాయి:

కొలతకు బకెట్టు, గడియారం చాలండి.

15 లీటర్ల బకెట్టు కుళాయి కింద పెట్టి నిండడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. 2 నిమిషాలైతే నిమిషానికి 7.5 లీటర్లు. నీళ్లు 45 నిమిషాలు వదిలితే 337 లీటర్లు, నలుగురున్న ఇంట్లో మనిషికి 84. అదే లైను చివరి ఇంట్లో బకెట్టుకు 5 నిమిషాలు పడితే 135 లీటర్లు, మనిషికి 34. సగటు తీస్తే ఊరు బాగానే ఉన్నట్టుంటుంది. అందుకని లక్ష్యం "సగటున ఇన్ని లీటర్లు" అని రాయొద్దు. "ప్రతి లైను చివరి ఇంట్లో 15 లీటర్ల బకెట్టు 3 నిమిషాల్లో నిండాలి" అని రాయండి. సచివాలయానికి నాలుగు చివరి ఇళ్లు గుర్తిస్తే ఊరికి 60. నెలకొకసారి, నీళ్లు వదిలిన పావుగంటకు కొలవాలి. వదలగానే కొలిస్తే గొట్టంలోని గాలి తన్ని లెక్క తప్పుతుంది. మధ్యలో ఎవరో కుళాయికి మోటారు బిగించి లాగుతుంటే చివరి ఇంట్లో ధార సన్నబడుతుంది. ఆ రోజు కరెంటు పోయినప్పుడు మళ్లీ కొలిచి చూడండి. ధార పెరిగితే జబ్బు గొట్టంలో లేదు, మోటార్లలో ఉంది. ట్యాంకు నుంచి నీరు పల్లానికి వచ్చే లైనుకే ఈ పరీక్ష పనికొస్తుంది, నేరుగా పంపుతో వదిలే చోట కాదు.

అదే చివరి ఇంట్లో క్లోరిన్ కూడా చూడాలి. సచివాలయాల్లో ఉండే క్లోరోస్కోపు అడగండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. గొట్టంలో నీరు, అందులో రెండు మూడు చుక్కల మందు, వచ్చిన పసుపు రంగును పక్క గాజుతో పోల్చడం, అంతే. ట్యాంకు దగ్గర ఉండి చివర్లో లేదంటే మధ్యలో ఎక్కడో మురుగు కాలువలోంచి పోతున్న పైపుకు చిల్లు పడిందేమో వెతకాలి.

చెత్తకు కూడా "చెత్త లేని పట్టణం" అన్న మాట కొలతకు అందదు. 2 లక్షల లోపు జనాభా ఊళ్లలో మనిషికి రోజుకు 200 నుంచి 300 గ్రాములు లెక్క. 250 వేసుకుంటే మీకు 15 టన్నులు. 2016 నిబంధనల్లో తడి, పొడి, ప్రమాదకరం మూడూ ఇంటి దగ్గరే వేరవ్వాలని ఉండేది. 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అని నాలుగు. కొలవాల్సింది రెండు చోట్ల. బండి గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు వందలో ఎన్ని ఇళ్లు వేరుచేసి ఇచ్చాయన్నది ఒకటి. బండి దించే చోట తడి, పొడి విడిగానే పడ్డాయా అన్నది రెండోది. రెండోది తప్పితే మొదటిది నెలలో పడిపోతుంది. తాను వేరుచేసిన చెత్త కళ్ల ముందే కలిపేస్తుంటే ఏ ఇల్లాలు రెండో రోజు వేరుచేస్తుంది?

డెల్టాలో ఒక ప్రత్యేక పద్దు ఉంది, కొబ్బరి బొండాలు. తాగేసిన బొండం కిలో పైనే తూగుతుంది. ఎండాకాలం ఊళ్లో రోజుకు వెయ్యి అమ్ముడైతే టన్ను పైమాటే. ఇవి మామూలు తడి చెత్త కుప్పలో వేస్తే మిగతాది ఎరువయ్యే 45, 60 రోజుల్లో ఇవి కదలవు, పైగా బోలులో నీరు నిలిచి దోమలు. వీటికి వేరే బండి, ముక్కలు చేసే యంత్రం కావాలి. బొండాల కొట్లవాళ్లనూ, కల్యాణ మండపాల వాళ్లనూ ఒక మీటింగుకు విడిగా పిలిచి ఈ ఒక్క విషయమే మాట్లాడండి.

—

లెవెల్‌ట్యూబ్:

సీసీ రోడ్డు సంగతి. జనం అడిగేది తప్పు కాదు, రోడ్డు వేసే పద్ధతిలోనే ఉంది తంటా. పాత రోడ్డు తీయకుండా దాని మీదే 15 సెం.మీ. సిమెంటు వేస్తారు. రెండుసార్లు వేశాక గుమ్మం రోడ్డు కంటే కిందికి పోతుంది. వీధి నీరు ఇంట్లోకి. ఉన్నవాళ్లు ఇల్లు జాకీలతో లేపుకుంటారు, లేనివాళ్లు గుమ్మానికి అడ్డంగా ఇటుకల కట్ట కట్టుకుంటారు. కాబట్టి లక్ష్యం ఇలా రాయండి: "ఇకపై వేసే ఏ రోడ్డు ఎత్తూ పక్క ఇళ్లలో అతి పల్లపు గుమ్మం కంటే 15 సెం.మీ. కిందే ఉండాలి. పాత రోడ్డు తవ్వి తీసే పని అంచనాలోనే చూపాలి." ఇప్పటికే రోడ్డు కంటే కిందికి పోయిన గుమ్మాలు ఆ వీధిలో ఎన్నున్నాయో ముందే లెక్క రాసుకోండి, అక్కడ తవ్వకం ఎక్కువ పడుతుంది. రోడ్డు వేసే ముందు మేస్త్రీ నీళ్ల ట్యూబుతో వీధి అందరి ముందూ గుమ్మాల లెవెళ్లు తీసి కరెంటు స్తంభం మీద రంగు గీత పెట్టాలి. సన్నటి పారదర్శక ట్యూబు 15 మీటర్లు, అందులో గాలి బుడగ లేకుండా నీరు. బుడగ ఉంటే లెవెలు తప్పు చూపిస్తుంది.

సైడు డ్రైను కూడా అంతే. వెయ్యికి ఒకటి వాలు అంటే కిలోమీటరుకు మీటరు దిగాలి. డెల్టా నేలలో ఆ మీటరు దొరకడమే కష్టం. వీధివీధికీ విడిగా డ్రైను శాంక్షను చేయించుకుంటే పై వీధి డ్రైను అడుగు కింది వీధి డ్రైను అడుగు కంటే లోతుగా ఉండిపోతుంది, నీరు వెనక్కి తంతుంది. అందుకని కోడు దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. ఒక్కో వార్డుకి పంచేసే నిధులతో ఇది కుదరదు, కౌన్సిలర్లు నలుగురైదుగురు కలిసి ఒప్పుకోవాలి. మీటింగులో ఈ ఒప్పందం సాధిస్తే మిగతా లక్ష్యాలు సగం సాధించినట్టే.

కొలత: లోతట్టు వీధుల్లో స్తంభాల మీద పసుపు రంగుతో నీరు ఎక్కిన గీత, తేదీ. నీరు దిగిన గంట పక్కనే రాయాలి. తహసీల్దారు కార్యాలయంలో ఉదయం 8:30 వరకు నమోదైన వర్షపాతం తెచ్చి జోడించండి. తిథి కూడా రాయండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువగా ఉండి సముద్రం వైపు డ్రైన్లలో నీరు లాగదు. అదే వాన అష్టమి నాడు పడితే త్వరగా పోతుంది. ఈ తేడా తెలియకపోతే ఒక ఏడాది లక్ష్యం నెరవేరిందని, మరో ఏడాది తప్పిందని ఊరికే వాదులాడుకుంటారు.

—

పద్దుపుస్తకం:

ఆర్‌పీ అక్క గారు చెప్పిన గింజల పద్ధతి బాగుంది కానీ గింజలు ఒక్కటే ఆధారమైతే ఒప్పుకోను. 12 ఇళ్ల సందులో ఏటా మోకాలి లోతు నీరు ఇళ్లలోకి వస్తుంది. 80 ఇళ్ల వీధికి పార్కు కావాలి. గింజలు లెక్కేస్తే పార్కే గెలుస్తుంది. ముందే ఒక నియమం పెట్టుకోండి: ఇంట్లోకి నీరు రావడం, తాగే నీటిలో మురుగు కలవడం, ఈ రెండూ ఓట్లతో పని లేకుండా జాబితాలో ఉంటాయి. గింజలు మిగతావాటికి.

చట్టం సంగతి. రాజ్యాంగ 74వ సవరణతో వచ్చిన 243ఎస్ అధికరణం ప్రకారం వార్డు కమిటీలు తప్పనిసరి అయ్యేది 3 లక్షలు, ఆ పైన జనాభా ఉన్న చోటే. 2011 లెక్కల్లో గోదావరి వైపు కాకినాడ, రాజమహేంద్రవరం ఆ గీత దాటాయి. మీలాంటి ఊళ్లకు ఆ రక్షణ లేదు. కాబట్టి మీ ముసాయిదాకు బలం కౌన్సిలు తీర్మానంతోనే వస్తుంది. ఎన్నికైన కౌన్సిలు లేక ప్రత్యేకాధికారి పాలన ఉంటే ఆయన ఉత్తర్వుతో. ఆ తీర్మానంలో మూడు మాటలు ఉండాలి: లక్ష్యాల జాబితా ఆమోదం, ప్రతి లక్ష్యానికి బాధ్యుడైన అధికారి హోదా, ఏడాదికి రెండుసార్లు వార్డుల్లో లెక్క చదివి వినిపించడం. "పరిశీలనకు స్వీకరించడమైనది" అని ఉంటే అది తీర్మానం కాదు, రసీదు.

లక్ష్యాలన్నీ ఒకే కుప్పలో వేయకుండా మూడుగా విడదీయండి. ఇంటివాళ్లు చేసేవి: చెత్త వేరుచేయడం, సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించడం, కుళాయి మోటారు తీయడం. మున్సిపాలిటీవి: పైపులు, బండ్లు, వీధి డ్రైన్లు. వేరే శాఖలవి: కాలువ, పెద్ద మురుగు డ్రైను, అందులోని గుర్రపుడెక్క జలవనరుల శాఖవి. మిల్లులు, రొయ్యల ప్లాంట్ల మురుగు కాలుష్య నియంత్రణ మండలిది. పెద్ద రోడ్లు ఆర్‌అండ్‌బీ (రోడ్లు, భవనాల శాఖ)వి. మూడో రకం దాంట్లో "డ్రైను శుభ్రమవుతుంది" అని రాస్తే మున్సిపాలిటీ చేతులెత్తేస్తుంది. "ఫలానా నెలలో ఫలానా కార్యాలయానికి కౌన్సిలు లేఖ, జవాబు వార్డులో చదవడం" అని రాయండి, అది వాళ్ల చేతిలో ఉన్న పని. జవాబు రాకపోతే ఆ లేఖ నకలుతో సోమవారం గ్రీవెన్సుకు వెళ్లొచ్చు.

డబ్బు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పది లక్షల లోపు ఊళ్లకు ఇచ్చిన గ్రాంటులో 30 శాతం తాగునీరు, వాన నీటి సేకరణ, నీటి పునర్వినియోగానికి, మరో 30 శాతం పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణకు కట్టుబడి ఉంది. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. దాని షరతులు అకౌంట్స్ విభాగంలో అడిగి, ప్రతి లక్ష్యం పక్కనా ఏ పద్దు కిందికి వస్తుందో రాయండి. పద్దు పేరు లేని లక్ష్యాన్ని అకౌంటెంటు మొదట పక్కన పెడతాడు, అతన్ని తప్పు పట్టలేం. బడ్జెట్ అంచనాలు చలికాలంలోనే తయారైపోతాయి. ఏప్రిల్ 1కి ఆమోదం కావాలంటే మీ రెండో మీటింగులు దసరా, దీపావళి లోపే అయిపోవాలి. సంక్రాంతి తర్వాత ఇచ్చిన కాగితం వచ్చే ఏడాదిదే.

బయటి అనుభవం చూడాలంటే మూడు చాలు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెలో 1989 నుంచి పౌరులే బడ్జెట్ ప్రాధాన్యాలు తేల్చారు. మన దేశంలో కేరళ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థల చేతికిచ్చింది. పుణె కార్పొరేషను 2006 నుంచి వార్డుల్లో పౌరుల పనులు బడ్జెట్‌లోకి తీసుకుంటోంది. మూడింటిలోనూ జనం మాట సొమ్ముతో ముడిపడి ఉంది. అందుకే కమిషనర్ గారిని మీటింగులకు ముందే ఒక మొత్తం చెప్పమనండి. చిన్నదైనా సరే. సొమ్ము లేకుండా అడిగితే రెండో ఏడాది కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

సెప్టిక్ ట్యాంకుల లెక్క ఎవరూ తీయలేదు కాబట్టి చెప్తున్నాను. మీకు 15 వేల ఇళ్లు అనుకుంటే, రెండు మూడేళ్లకోసారి తీయించాలన్న ప్రమాణంలో మూడేళ్లే వేసుకున్నా ఏడాదికి 5 వేల ట్యాంకులు. 300 పనిదినాలకు రోజుకు 16, 17. ఒక్కోటి 3 వేల లీటర్లయితే రోజుకు 50 వేల లీటర్ల మురుగు. బండి రోజుకు నాలుగు ట్రిప్పులు వేస్తే నాలుగు బండ్లు చాలవు, ఐదు కావాలి. శుద్ధి చేసే చోటు ముందు తేలాలి, తర్వాతే ఈ లక్ష్యం. లేకపోతే ఇళ్లలోంచి తీసింది రాత్రికి రాత్రి కోడులో పోస్తారు.

—

గట్టుకాలనీ:

అయితే క్రమం ఇలా పెట్టుకుంటున్నాం: ముందు సొమ్ము ఎంతో అడగడం, ఆగస్టులో ముగ్గు పటాలు, సెప్టెంబరులో లెక్కలు, దసరాకు ముందు గింజలు, నవంబరులో కౌన్సిలు తీర్మానం. లక్ష్యాలు ఎన్ని పెట్టమంటారు? ఒకాయన 25 రాసుకొచ్చారు.

—

ఆర్‌పీ_అక్క:

ఊరి మొత్తానికి ఏడు, ఎనిమిది. సచివాలయం గోడ మీద బోర్డు రాయించి ప్రతి నెలా 5వ తేదీ లోపు కొత్త అంకె వెయ్యాలి కదా, 25 అయితే రెండో నెలకే ఎవరూ వెయ్యరు. మొక్కల లక్ష్యం ఉంచాలనుకుంటే నాటిన లెక్క వద్దు, మూడో ఎండాకాలం దాటి నిలిచిన చెట్ల లెక్క రాయండి. ఒక్కో చెట్టుకూ ఎదురింటివాళ్ల పేరు వాళ్లను అడిగే పెట్టండి, కరెంటు తీగల కింద నాటొద్దు. లైనుమన్ ఏటా నరికేస్తాడు.

—

లెవెల్‌ట్యూబ్:

మీ క్రమంలో ఒకటి మిస్సయింది. డ్రైన్ల అడుగు లెవెళ్లు, పూడిక మందం ఆగస్టులో కొలవలేరు, నీళ్లుంటాయి. కాలువలు కట్టేసిన రోజుల్లో, ఏప్రిల్ నెలాఖరు నుంచి మే లోపల కొలవాలి. ప్రతి 50 మీటర్లకు ఒక ఇనుప చువ్వ గుచ్చి, మెత్తటి పూడిక ఎంత, గట్టి అడుగు ఎక్కడ అని రాసుకోండి. పూడిక తీశాక అదే చోట మళ్లీ గుచ్చి చూడాలి, లేకపోతే పైపైన గుర్రపుడెక్క లాగి పూడిక తీసినట్టు బిల్లు పెడతారు. తీసిన పూడిక గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకు మళ్లీ డ్రైనులోకే జారుతుంది, అందుకని రెండు మూడు రోజులు నీరు ఓడ్చాక ట్రాక్టరుతో ఎత్తించే ఖర్చు కూడా అంచనాలో చేర్పించండి. ఈ ఏడాది మే దాటిపోయి ఉంటే, తీర్మానంలో వచ్చే మే కొలతకు ఇప్పుడే తేదీ రాయించండి, బాధ్యత మనిషి పేరున కాక హోదా పేరున రాయించండి. బదిలీలు ఎక్కువగా ఆ నెలల్లోనే ఉంటాయి.